గుర్రం ఒంటి మీద బోడి మచ్చ

మూడు నాలుగు నెలలు నిండేసరికి గుర్రప్పిల్ల మొహం పురుగు కొట్టిన కంబళిలా తయారవుతుంది. కళ్ళ చుట్టూ, మూతి మీద మొదలై మెడ మీదికీ డొక్కల మీదికీ పాకుతూ మెత్తటి నూగు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. మొదటిసారి పిల్లను పెంచుతున్న ఇంట్లో ఆ పూట అన్నం సహించదు. తామరేమో, గజ్జేమో, తల్లి నుంచి ఏదైనా అంటిందేమో అని పశువుల మందుల దుకాణానికి పరుగు. తీరా చూస్తే అది జబ్బు కాదు, పుట్టువెంట్రుకలు రాలడం. మనుషుల పిల్లలకైతే తిరుపతికో యాదగిరిగుట్టకో తీసుకెళ్ళి తీయించాలి. గుర్రప్పిల్ల ఆ పని తనంతట తనే చేసుకుంటుంది.

ఊడిన చోట వేలితో ఎదురు దువ్వి చూస్తే కింద పొట్టిగా, నిగనిగలాడే కొత్త వెంట్రుక కనిపిస్తుంది. చర్మం శుభ్రంగా ఉంటుంది. పొట్టు రాలదు, చెక్కు కట్టదు. రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఊడుతుంది. పిల్ల గోక్కోదు, పాలు మానదు, గంతులు అసలే మానదు. కొత్త వెంట్రుకతో రంగు కూడా మారవచ్చు. ఎలుక రంగులో పుట్టింది నల్లగా తేలవచ్చు. ఎర్రగా పుట్టినదానికి కళ్ళ చుట్టూ నెరిసిన వెంట్రుకలు మొలిచాయంటే అది కొన్నేళ్ళలో తెల్ల గుర్రమయ్యే పిల్ల. ఇన్ని గుర్తులు కలిసిన చోట మందు కొనడం డబ్బు దండగ.

బోడి మచ్చ ఒక జబ్బు పేరు కాదు. దాని వెనుక బూజు ఉండొచ్చు, బాక్టీరియా ఉండొచ్చు, పేను, దోమ, కడుపులోని పురుగు, మేసిన ఆకు, బిగించిన తోలు పట్టీ, ఏదైనా ఉండొచ్చు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాన్ని పెంచుతుంది. అందుకే ఆరితేరిన పశువైద్యుడు లాయంలోకి రాగానే సంచీ విప్పడు. వెంట్రుక దానంతటదే రాలిందా, లేక గుర్రం గోక్కుని పోగొట్టుకుందా అన్నది ముందు తేల్చుకుంటాడు. గోడకో గుంజకో రుద్దుకున్న చోట వెంట్రుకలు మధ్యలో విరిగి ఉంటాయి. రాలిపోయిన చోట కుదురుతో సహా వస్తాయి. ఆ తర్వాత మచ్చ ఎక్కడుంది, అక్కడ చర్మం ఎలా ఉంది అని చూస్తాడు. సగం రోగనిర్ధారణ ఈ మూడింటితోనే అయిపోతుంది. ఇవి యజమానికీ, సైసుకూ కూడా చేతనయ్యే పనులే.

పిల్లల సంగతి ఇంకొంచెం ఉంది. పుట్టిన వారం పది రోజులకు చాలా గుర్రప్పిల్లలు పలచగా పారతాయి. తల్లి మళ్ళీ ఎదకు వచ్చే రోజులు కూడా అవే కావడంతో తల్లి పాలు మారడం వల్లే అని వెనకటి నుంచి ఒక నమ్మకం. పిల్ల పేగుల్లో కొత్త సూక్ష్మజీవులు స్థిరపడే క్రమంలో వచ్చే మార్పే కారణమని ఇప్పటి పశువైద్యులు చెబుతారు. పిల్ల హుషారుగా ఉండి పాలు తాగుతుంటే ఆ విరేచనాలు కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. కానీ ఆ తడి తొడల మీద కారి, చర్మం ఒరిసి, పిరుదుల నుంచి మడమల దాకా వెంట్రుక చారలుగా ఊడిపోతుంది. దీనికి మందు గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ, ఓపిక. కడిగి, అద్ది, పూర్తిగా ఆరాక వాసెలిన్ గానీ జింక్ ఆక్సైడ్ లేపనం గానీ పలచగా రాస్తే తర్వాతి తడి చర్మానికి తగలదు. పిల్ల నీరసపడినా, పాలు వదిలేసినా, జ్వరం వచ్చినా అది చర్మం సమస్య కానే కాదు. రోటావైరస్ లాంటివి పసిపిల్లను ఒక్క రోజులోనే నీరు లేకుండా చేస్తాయి. అప్పుడు వైద్యుణ్ణి పిలవడానికి తెల్లారేదాకా ఆగకూడదు.

నుదుటి మీద ఎండిన పాల చారలు, అక్కడ అట్టకట్టి రాలుతున్న వెంట్రుక కనిపిస్తే అది ఇంకా పెద్ద హెచ్చరిక. తల్లి పొదుగు నిండి పాలు కారుతున్నాయి, పిల్ల కింద నిలబడుతోంది గానీ తాగడం లేదన్నమాట. చాలామంది ఆ మొహం తుడిచి ఊరుకుంటారు. తుడవాల్సింది తర్వాత, ముందు పిల్లకు పాలెందుకు దిగడం లేదో చూడాలి.

తీవ్రమైన జ్వరమో న్యుమోనియానో తగ్గిన రెండు మూడు నెలలకు ఒళ్ళంతా పలచబడే గుర్రాలు కూడా ఉంటాయి. జబ్బు రోజుల్లో వెంట్రుక కుదుళ్ళన్నీ ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళి, తర్వాత ఒకేసారి రాల్చేస్తాయి. టైఫాయిడ్ తర్వాత మనుషులకు జుట్టు రాలేదీ ఇందుకే. దానికి మంచి మేత తప్ప చికిత్స లేదు, అవసరమూ లేదు.

అసలు వెంట్రుక లేకుండానే పుట్టే పిల్లలు చాలా అరుదు. తుర్క్‌మెనిస్తాన్‌కు చెందిన, లోహంలా మెరిసే ఒంటితో పేరుపడ్డ అఖల్‌టెకే జాతిలో ఇలాంటి పిల్లలు అప్పుడప్పుడూ పుడతాయి. చాలావరకు కొద్ది వారాల్లో చనిపోతాయి, బతికినవీ ఎన్నో ఏళ్ళు ఉండవు. ఎస్‌టీ14 అనే జన్యువులో లోపమే దీనికి కారణమని 2017లో తేలింది. తల్లీ తండ్రీ ఇద్దరూ చూడ్డానికి నిక్షేపంగా ఉండి లోపాన్ని మోస్తున్నప్పుడే ఇది జరుగుతుంది కాబట్టి, జత కట్టించే ముందు పరీక్ష చేయించడం ఒక్కటే దారి.

ఇక పెద్ద గుర్రాల్లోనూ ఎదిగే పిల్లల్లోనూ లాయాలను ఎక్కువగా వేధించేది తామర. ట్రైకోఫైటాన్ ఈక్వైనమ్ అనే బూజు దీనికి ప్రధాన కారణం. ఆవులతో కలిపి కట్టే చోట ఆవుల తామర, పిల్లులు తిరిగే చోట పిల్లుల తామర కూడా గుర్రానికి అంటుకుంటాయి. మొదట ఒకచోట వెంట్రుకలు చిన్న కుచ్చులా నిక్కబొడుచుకుంటాయి. చేత్తో తాకితే కింద చిన్న దద్దురు తెలుస్తుంది. కొద్ది రోజుల్లో ఆ కుచ్చు ఊడి, బూడిద రంగు పొట్టుతో గుండ్రటి మచ్చ మిగులుతుంది. మచ్చ అంచుల నుంచి బయటికి పెరుగుతుంది. పొట్ట కింద జీను పట్టీ బిగించే చోట, జీను ఆనే వీపు మీద, కళ్ళెం తగిలే చెంపల మీద మొదలవడం కాకతాళీయం కాదు. తోలు ఒరిసి చర్మం పొక్కిన చోటే బూజుకు దారి దొరుకుతుంది. ఆ బూజును మోసుకొచ్చేదీ ఆ తోలే.

మలక్‌పేట రేస్‌కోర్సు లాంటి చోట్ల, పదుల గుర్రాలు పక్కపక్క గదుల్లో ఉండే లాయాల్లో, రెండు మూడేళ్ళ వయసు గుర్రాలకే ఇది ఎక్కువగా వస్తుంది. పెద్దవాటికి ఒకసారి వచ్చిపోయిన బలం ఉంటుంది, పిల్లలకు ఉండదు. అంటిన నాటి నుంచి మచ్చ బయటపడేదాకా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే ఒక గుర్రం మీద మచ్చ కనిపించేసరికి అదే బ్రష్షుతో మాలిషు చేసిన మిగతా గుర్రాలన్నిటికీ బూజు చేరిపోయి ఉండొచ్చు. వెంట్రుకల్లో, పొట్టులో దాగిన బూజు రేణువులు లాయం గోడల మీద, దుప్పట్లలో నెలల తరబడి బతుకుతాయి. గుర్రానికి మందు రాసి జీనును అలాగే వదిలేసినవారికి నెల తిరిగేసరికి అదే మచ్చ మళ్ళీ ఎదురవుతుంది.

నిర్ధారణకు మచ్చ నడిమధ్య నుంచి కాక అంచు నుంచి వెంట్రుకలు పీకాలి, ఎందుకంటే బూజు బతికి ఉండేది అక్కడే. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే చాలాసార్లు వెంటనే తెలుస్తుంది. ఖాయం చేసుకోవాలంటే ప్రయోగశాలలో పెంచి చూడాలి, దానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో ఇలాంటి పరీక్షలు చదువులో భాగమే కాబట్టి జిల్లాల్లో ఉన్నవారు స్థానిక డాక్టరు చేత నమూనా అక్కడికి పంపించుకోవచ్చు. కొందరు అతినీలలోహిత కాంతి దీపం వేసి, మెరవలేదు కనుక తామర కాదని తేల్చేస్తారు. పిల్లుల తామర ఆ వెలుగులో మెరవచ్చు గానీ గుర్రాల తామర మెరవదు. ఆ దీపాన్ని నమ్ముకోకపోవడమే మేలు.

ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి తామర రెండు మూడు నెలల్లో తనంతట తానే పోతుంది. మరి మందెందుకు? పక్క గుర్రం కోసం, సైసు చేతుల కోసం, ఆ ఇంట్లో పిల్లల కోసం. ఇది మనుషులకు అంటుతుంది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రానికి పొట్ట పక్కన మచ్చ ఉంటే, తాకిన పిల్లల చేతుల మీద కొద్ది రోజుల్లో ఎర్రటి వలయాలు తేలవచ్చు. అలాంటి గుర్రానికి పని ఆపాల్సిందే. సంపాదన పోతుందన్న బాధ నిజమే, అయినా మచ్చ మీద దుప్పటి కప్పి తిప్పడానికి అది సాకు కాదు.

చికిత్స చెప్పుకోవడానికి తేలికే. వైద్యుడి సలహాతో ఎనిల్‌కొనజోల్ ద్రావణాన్ని 0.2 శాతానికి పలచన చేసి, మూడు రోజులకోసారి నాలుగు సార్లు పట్టించడం ఒక పద్ధతి. అది దొరకని చోట మైకొనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ పనికొస్తుంది. నురగ కనీసం పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, రాసి వెంటనే కడిగేస్తే షాంపూ ఖర్చు తప్ప ఫలితం ఉండదు. మచ్చ వరకే కాకుండా చుట్టూ అరచేతి మేర రాయాలి. చేతికి గ్లవ్స్ ఉండాలి. ఆ గుర్రానికి విడిగా బ్రష్షు, విడిగా దుప్పటి, విడిగా జీను పట్టీ పెట్టాలి. గ్రిసియోఫుల్విన్ మాత్రలు చూలు గుర్రానికి ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వకూడదు, కడుపులోని పిల్లకు ముప్పు.

ఇంట్లో మిగిలిన మనుషుల క్రీము సంగతి విడిగా చెప్పుకోవాలి. మన మందుల దుకాణాల్లో అడిగిన వెంటనే ఇచ్చే తామర ట్యూబుల్లో చాలా వాటిలో బూజు మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ కూడా ఉంటుంది. రాసిన రెండు రోజులకు ఎరుపు తగ్గి, నయమైనట్టు కనిపిస్తుంది. లోపల బూజు మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. ఈ దేశంలో మనుషుల్లో మొండి తామర ఇంతలా ప్రబలడానికి ఈ ట్యూబులు ఒక పెద్ద కారణమని చర్మవైద్యులు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఆ తిప్పలు గుర్రానికి కూడా ఎందుకు?

వానాకాలంలో తామరలాగే కనిపించి బోల్తా కొట్టించే ఇంకో జబ్బుంది. దాని బాక్టీరియా పేరు డెర్మటోఫిలస్ కాంగోలెన్సిస్. 1915లో అప్పటి బెల్జియన్ కాంగోలో పశువుల్లో దీన్ని మొదట వర్ణించారు, పేరులోని కాంగో అక్కడి నుంచి వచ్చిందే. ముసురు పట్టి రోజుల తరబడి వీపు తడిగా ఉన్న గుర్రానికి నడుము మీదా పిరుదుల మీదా వాన జారిన దారి వెంబడే చెక్కులు కడతాయి. బురదలో నిలిచినవాటికి కాళ్ళ కింది భాగంలో వస్తుంది. చెక్కును పట్టి లాగితే వెంట్రుకలు కుంచె మొనలా గుత్తిగా ఊడొస్తాయి, అడుగున పచ్చటి చీము ఉంటుంది. పొడి చెక్కుల్ని బలవంతంగా పీకడం గుర్రానికి నరకం, ఆ నొప్పికి అది తన్నితే సైసుకూ ప్రమాదం. క్లోర్‌హెక్సిడిన్ నీళ్ళతో నానబెట్టి, మెత్తబడ్డవాటిని మాత్రమే తీసి, ఒంటిని పూర్తిగా ఆరబెట్టాలి. ఎక్కువగా ఉంటే వైద్యుడు పెన్సిలిన్ ఇస్తాడు. అన్నిటికన్నా ముందు కావలసింది కారని కప్పు. తడి దుప్పటి కప్పడం కన్నా ఏమీ కప్పకపోవడం నయం. నూనెలు పట్టించడం కూడా ఇక్కడ చేటే, గాలి తగలక బాక్టీరియాకు ఇంకా అనువవుతుంది.

గోక్కుని పోగొట్టుకున్న వెంట్రుకకు దారి వేరు. చలికాలంలో ఒత్తుగా పెరిగిన వెంట్రుకలో, జూలు కుదుళ్ళలో, తోక మొదట్లో పేలు చేరతాయి. మంచి వెలుతురులో పాయ తీసి చూస్తే కంటికి కనిపిస్తాయి. గుర్రపు పేలు మనుషుల మీద కాపురం పెట్టవు. మందు ఒకసారి కొట్టి వదిలేస్తే గుడ్లలోంచి వచ్చినవి మళ్ళీ పెరుగుతాయి కనుక రెండు వారాలకు రెండోసారి తప్పదు. తోక పైభాగం ఒక్కటే రుద్దుకుని చింపిరిగా అయితే నులిపురుగును అనుమానించాలి. ఆడ పురుగు మలద్వారం చుట్టూ జిగురుతో గుడ్లు పెడుతుంది, ఆ దురదకు గుర్రం గోడ వెతుక్కుంటుంది. ఈ గుడ్లు పేడ పరీక్షలో దొరకవు. పారదర్శకమైన టేపు ముక్కను తోక కింద అద్ది తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే దొరుకుతాయి.

జూలు, తోక మొదలు, పొట్ట మధ్య గీత, ఈ మూడూ కలిసి ఏటా ఒకే కాలంలో పుండ్లు పడుతుంటే క్యులికాయిడిస్ అనే, కంటికి సరిగ్గా ఆనని రక్తం పీల్చే ఈగల పని. కుట్టు కన్నా వాటి లాలాజలానికి ఒళ్ళు పడకపోవడమే అసలు బాధ. ఐస్‌లాండ్ గుర్రాల కథ ఇందుకు గట్టి ఉదాహరణ. అక్కడ పుట్టి పెరిగి యూరప్‌కు ఎగుమతైన గుర్రాల్లో ఈ దురద చాలా ఎక్కువ. అదే జాతివైనా యూరప్‌లోనే పుట్టినవాటిలో చాలా తక్కువ. పసితనంలో ఆ ఈగ కాటు ఎరగని ఒళ్ళు పెద్దయ్యాక దాన్ని తట్టుకోలేకపోతోందన్నమాట. ఈ ఈగలు ఎగరడంలో మహా బలహీనం. లాయంలో గట్టిగా తిరిగే ఫ్యాను గాలికే నిలవలేవు. తెల్లవారుజామున, సాయంసంధ్యలో గుర్రాన్ని లోపలే ఉంచి, సన్నటి వల కట్టి, చుట్టుపక్కల తడి పేడ, నిలవ నీరు లేకుండా చేస్తే మందుల ఖర్చు బాగా తగ్గుతుంది. స్టెరాయిడ్ సూది దురదను ఇట్టే ఆపుతుంది గానీ గుర్రాల్లో గిట్టల లోపలి వాపుకు దారితీసే ప్రమాదం ఉంది, అది వచ్చిన గుర్రం మళ్ళీ సరిగ్గా నడుస్తుందన్న నమ్మకం ఉండదు.

ఒంటి మీద మచ్చ లేదు, దురద లేదు, జూలు మాత్రం చేతికి ఊడొస్తోంది. తోక వెంట్రుకలు రాలి మోడుగా మిగిలాయి. అప్పుడు చూడాల్సింది చర్మాన్ని కాదు, మేత తొట్టిని. కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం తోటలు తోటలుగా పెంచే సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. లేత ఆకులో, గింజలో మరీ ఎక్కువ. అలవాటుపడ్డ మేకలు, పశువుల కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని విరిచేస్తాయి, గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. మేకలు తింటున్నాయి కదా అని కొమ్మలు నరికి గుర్రానికి వేస్తూ పోతే వెంట్రుక ఎదుగుదల ఆగి జూలూ తోకా రాలిపోతాయి, గిట్టల మీద గీతలు పడతాయి. ఆ మేత ఆపడమే చికిత్స. కొత్త వెంట్రుక తర్వాత దానంతటదే వస్తుంది.

సెలీనియం ఎక్కువైనా ఇదే రూపం. 1856లో అమెరికాలో మిస్సోరీ నది ఒడ్డున ఫోర్ట్ రాండాల్ సైనిక స్థావరంలో అశ్వదళం గుర్రాలకు జూలూ తోకా రాలి, గిట్టలు వాచి కుంటుపడి చాలా చనిపోయాయి. మాడిసన్ అనే సైనిక వైద్యుడు దాన్ని రాసిపెట్టాడు. అక్కడి నేలలోని సెలీనియం గడ్డిలోకి ఎక్కడమే ఇలాంటి జబ్బుకు కారణమని 1930లలో గానీ తేలలేదు. మన దేశంలో పంజాబ్‌లోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల్లో అలాంటి నేలలున్నాయి. తమాషా ఏమంటే, వెంట్రుక మెరవాలని యజమానులు కొనే టానిక్కుల్లోనూ ఈ సెలీనియమే ఉంటుంది. గుర్రానికి మేతలో కావలసింది కిలోకు 0.1 మిల్లీగ్రాము, 5 మిల్లీగ్రాములు దాటితే విషం. 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ఒక పోలో జట్టుకు చెందిన 21 గుర్రాలు ఒకదాని వెంట ఒకటి చనిపోయాయి. వాటికిచ్చిన మిశ్రమంలో సెలీనియం పాలు లెక్క తప్పింది. రెండు మూడు డబ్బాల టానిక్కులు కలిపి ఇచ్చేవారు వాటి లేబుళ్ళ మీది అంకెలు ఒకసారి కూడి చూసుకోవాలి.

మందుల్లో కూడా ఒక గీత గట్టిగా గీసుకోవాల్సిందే. ఆవులకూ కుక్కలకూ పిడుదులు పోవడానికి వాడే అమిట్రాజ్ గుర్రానికి పనికిరాదు, పేగుల కదలికను ఆపి ప్రాణాంతకమైన కడుపునొప్పి తెస్తుంది. అదే డబ్బా, అదే బక్కెట్, ఆవును కడిగి మిగిలిన నీళ్ళు గుర్రానికి కూడా, అన్న పొదుపు చాలా ప్రమాదకరం. ఐవర్‌మెక్టిన్ గుర్రాలకు నోటి ద్వారా ఇచ్చే పేస్టుగా ఉంది. పశువుల సూదిమందును గుర్రానికి పొడిస్తే ఆ చోట కండ కుళ్ళే వాపు రావచ్చు. వాడేసిన ఇంజను ఆయిలు, కిరోసిను రాయడం కొన్ని చోట్ల ఇంకా ఉంది. పేలు చస్తాయేమో గానీ చర్మం కాలుతుంది, గుర్రం దాన్ని నాకుతుంది కూడా.

అన్నీ చేశాక, మూడు నెలలైనా అలాగే ఉన్న గుండ్రటి మచ్చ ఒకటి మిగిలితే చేయి వెనక్కి తీసుకోవాలి. గుర్రాల్లో అతి సాధారణమైన చర్మపు కణితి సార్కాయిడ్. ఆవుల్లో పులిపిర్లు తెచ్చే వైరస్ దానికి కారణం. దాని తొలి రూపాల్లో ఒకటి అచ్చం తామరలా, కొద్దిగా గరుకైన బోడి మచ్చ. దాన్ని గోకినా, ఘాటు మందులు రాసినా, చిన్న ముక్క కోసినా కూడా కణితి రెచ్చిపోవచ్చు కనుక ముట్టుకోవాలా వద్దా అన్నది అనుభవమున్న వైద్యుడే చెప్పాలి. వెనుక కాలు లోపలివైపు వరుసగా గడ్డలు లేచి, పగిలి, జిగట చీము కారుతూ ముక్కు నుంచి కూడా చీమిడి వస్తుంటే అది గ్లాండర్స్ కావచ్చు. మనుషులకూ సోకే, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బు అది. రక్తనమూనాలు హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళతాయి. ఫలితం వచ్చేదాకా ఆ గుర్రాన్ని ఎవరూ తాకకూడదు, బారాత్‌కు అసలే పంపకూడదు.

జీను కింద నొక్కుడు పడి ఊడిన చోట మొలిచే వెంట్రుక ఒక్కోసారి తెల్లగా వస్తుంది, ఇక ఎప్పటికీ తెల్లగానే ఉంటుంది. రంగు చచ్చింది గానీ చర్మం మానింది, దానికి మందు వెతకనక్కర్లేదు. జీను మాత్రం మార్చాలి. అడుగున చేయి దూర్చి, ఎక్కడ గట్టిగా నొక్కుతోందో చూసి, అక్కడ దూది కుదురుగా పరిపించాలి. తామర తగ్గిన గుర్రానికైతే కొత్త వెంట్రుక మచ్చ అంతటా సమంగా పరుచుకుని, పొట్టు పూర్తిగా ఆగాకే పట్టీ బిగించాలి. గుడ్డ పట్టీని, దుప్పటిని వేడి నీళ్ళలో ఉతికి మండుటెండలో ఆరేయాలి. తోలు పట్టీని బూజు మందుతో తుడిచి ఆరబెట్టాలి. పాత బ్రష్షును మాత్రం పారేయడమే మంచిది, కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు ఒక షాంపూ సీసా ధర కన్నా తక్కువే.